అమ్మ గదికి వేడినీళ్ల పైపులు వేయించనా?

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. వాళ్లింట్లో గోడల అడుగున పొడవాటి రేకు పెట్టెల్లో వేడినీళ్ల పైపులు ఉన్నాయి. చలికాలంలో గదంతా వెచ్చగా ఉంటుంది. మా అమ్మకు 78 ఏళ్లు. డిసెంబర్ వచ్చిందంటే మోకాళ్ల నొప్పులతో నిద్రే ఉండదు. గీజర్‌కు రాగి పైపు, చిన్న పంపు తగిలించి అలాంటిదే చేసిస్తానని మా ప్లంబర్ అంటున్నాడు. చేయించవచ్చా?
– ఒక పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: వద్దండి. పని మొదలుపెట్టకముందే అడిగారు, సంతోషం. జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో ముప్పై ఏళ్లు బాయిలర్ల దగ్గర పనిచేసినవాణ్ని. మూసేసిన పైపుల్లో కాగే నీళ్లంటే నాకు ఇప్పటికీ భయమే.

మీ అబ్బాయి ఇంట్లో ఉన్నది బేస్‌బోర్డ్ హీటర్. అలాంటి ఇళ్లలో గ్యాస్‌తోనో ఆయిల్‌తోనో నడిచే బాయిలర్ నీటిని దాదాపు 80 డిగ్రీలకు కాచి, పంపుతో ఇల్లంతా తిప్పుతుంది. రేకు వెనక రాగి పైపు నిండా పలచటి అల్యూమినియం రెక్కలుంటాయి. కింది సందులోంచి దూరిన చల్లగాలి ఆ రెక్కల మధ్య వేడెక్కి పైకి లేస్తుంది. బోస్టన్ దగ్గర మా అమ్మాయి ఇంట్లో ఒక గది ఎంతకీ వేడెక్కేది కాదు. చూస్తే సోఫాను హీటర్‌కు ఆనించి పెట్టారు, రెక్కల నిండా దుమ్ము. సోఫా జానెడు జరిపి, బ్రష్‌తో దులిపాను. ఆ సాయంత్రానికే గది వెచ్చబడింది.

ఇక గీజర్ సంగతి. 20 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 80కి కాగితే అరలీటరుకు పైగా పెరుగుతాయి. ఆ పెరిగిన నీటి కోసమే అక్కడ ఎక్స్‌పాన్షన్ ట్యాంక్, ఒత్తిడి మించితే వదిలేసే రిలీఫ్ వాల్వ్ పెడతారు. మీ ప్లంబర్ చెప్పినదాంట్లో ఆ ట్యాంక్ మాటే లేదు. వాల్వ్ బిగుసుకుపోయిందంటే గీజర్ ట్యాంకే పగిలే ప్రమాదముంది. అది అమ్మగారు పడుకునే గది పక్కనే ఉంటుంది, ఆలోచించండి.

పోనీ, అన్నీ సరిగ్గా బిగించినా లాభమేమిటి? గీజర్‌లో ఉండేది 2 కిలోవాట్ల కాయిల్. అంతే కరెంటు తాగే ఆయిల్ హీటర్ (లోపల నూనె నింపి మూసేసిన కరెంటు హీటర్) కూడా అంతే వేడి ఇస్తుంది, పైపులు వేసినంత మాత్రాన వేడి పెరగదు. గోడలు తవ్విన ఖర్చు మాత్రం మీద పడుతుంది. ఇక్కడ డిసెంబర్, జనవరి రాత్రుల్లో మామూలుగా 12 నుంచి 15 డిగ్రీలుంటుంది. దానికి బాయిలర్ అక్కర్లేదు.

ఆయిల్ హీటర్ కొని, ఎక్స్‌టెన్షన్ బాక్స్ లేకుండా నేరుగా 16 ఆంపియర్ల ప్లగ్‌కు పెట్టండి. వెయ్యి వాట్ల మీద నాలుగు గంటలు నడిపితే నాలుగు యూనిట్లు. తడి బట్టలు ఆరేయడానికి వాడకండి. మంచం కిటికీ పక్కన ఉంటే లోపలి గోడకు జరపండి. రాత్రి ఆమె లేచి కాలు మోపే చోట మార్బుల్ మీద మందపాటి జంబుఖానా పరవండి. కిటికీ సందులకు రబ్బరు పట్టీ అంటించండి, గాలి ఆడటానికి తలుపు కింద సందు మాత్రం వదిలేయండి.

బొగ్గుల కుంపటి పెట్టమని ఎవరైనా చెబితే వినకండి. మూసిన గదిలో అది వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం పోతుంది.