చెరువు గట్టు మీద ఎయిర్ రైఫిల్: లైసెన్సు సంగతి తర్వాత, ముందు కాంటూరు చూసుకోండి

ప్రశ్న: లాయరు గారికి నమస్కారమండి. మాది ఆకివీడు దగ్గర పల్లెటూరు. కొల్లేరు కాంటూరు అంచున నాలుగెకరాల జిరాయితీ (సొంత పట్టా) భూమిలో చేపల చెరువు చేస్తున్నాను. 2008లో అభినవ్ బింద్రా గారికి ఒలింపిక్స్‌లో బంగారు పతకం వచ్చిన దగ్గర్నుంచి నాకు ఎయిర్ రైఫిల్ అంటే ప్రాణం. భీమవరం, ఉండి నుంచి స్నేహితులు వస్తే ఆదివారాలు మా గట్టు మీద పది మీటర్ల దూరంలో కాగితం టార్గెట్లు పెట్టి కాలుస్తాం. బోదె నీళ్ల దగ్గర నాతో తగాదా ఉన్న పక్క చెరువు ఆయన, నేను నీటికాకులను చంపుతున్నానని ఫారెస్టు వాళ్లకు అర్జీ పెట్టాడు. వాళ్లు వచ్చి రైఫిల్, రెండు డబ్బాల పెల్లెట్లు పట్టుకెళ్లారు. పక్క చెరువులో ఒక చచ్చిన నీటికాకిని చూపించారు. తెల్ల కాగితాల మీద సంతకాలు పెట్టమంటే పెట్టాను. 23 రోజులైంది. నాది 4.5 ఎంఎం, లైసెన్సు అక్కర్లేనిది. ఊళ్లో తలెత్తుకోలేకపోతున్నాను, మా ఆవిడ అన్నం మానేసింది. తెలిసినాయన ఒకరు "పొరపాటున ఒక పిట్టను కొట్టానని రాసిచ్చి రాజీ రుసుము కట్టేయ్, వారంలో తుపాకీ వచ్చేస్తుంది" అంటున్నారు. మా గ్రూపులో సరదాకి తీసిన వీడియో ఒకటుంది, అది తీసేయమంటున్నారు. పక్క చెరువు ఆయన మీద పరువు నష్టం కేసు వేయాలని ఉంది. దారి చెప్పండి.

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం పక్క చెరువు ఆయన గురించి, ఊళ్లో మాటల గురించి ఉంది. చెరువు ఎక్కడుందో మాత్రం రెండే మాటల్లో చెప్పి వదిలేశారు: "కాంటూరు అంచున". మీ కేసు తేలేది అక్కడే. అంచుకు లోపలా, బయటా? మీరు గట్టు మీద రైఫిల్ పట్టుకుని నిలబడ్డ చోటు కొల్లేరు అభయారణ్యం హద్దులో ఉందా, లేదా?

1999లో ప్రభుత్వం కొల్లేరు సరస్సును +5 కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తును చూపే గీత వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. అందులో జిరాయితీ భూములు కూడా ఉన్నాయి. భూమి మీదైతే దానిలోకి రాకపోకలకు మీకు హక్కుంటుంది. కానీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని సెక్షన్ 31 ప్రకారం, చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి ముందుగా లేకుండా ఎవరూ ఆయుధంతో అభయారణ్యంలో అడుగుపెట్టకూడదు. సొంత భూమి ఉన్నవాళ్లకు ఇందులో మినహాయింపు లేదు. ఆ చట్టంలో ఆయుధం అంటే జంతువును గాయపరచగల ఏ పరికరమైనా సరే. వలలు, ఉచ్చులు, కత్తులు కూడా ఆ నిర్వచనంలో ఉన్నాయి. మీ ఎయిర్ రైఫిల్ అందులోకి రాదని వాదించే వీలు నాకు కనిపించడం లేదు.

ఇక మీరు గట్టిగా పట్టుకున్న లైసెన్సు వాదన. బోరు 4.5 ఎంఎం దాటకుండా, గొట్టం చివర శక్తి 20 జౌళ్లు మించకుండా ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదన్నది ఆయుధ నిబంధనలు, 2016 నుంచి వచ్చిన మాట. అది ఆయుధ చట్టం కింద కేసు పెడితే చెప్పాల్సిన జవాబు. మీ మీదికి వస్తున్నది వన్యప్రాణి చట్టం, అక్కడ ఈ జవాబు పనిచేయదు. పైగా బోరు ఒక్కటీ సరిపోదు, శక్తి కూడా లోపలే ఉండాలి. అర గ్రాము పైచిలుకు, అంటే 0.52 గ్రాముల పెల్లెట్ సెకనుకు 280 మీటర్ల వేగంతో బయటికొస్తే 20 జౌళ్లు దాటిపోతుంది. పోటీల్లో వాడే పది మీటర్ల రైఫిల్ వేగం సెకనుకు 175 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, శక్తి ఎనిమిది జౌళ్లకు అటూ ఇటూ. మీరు గానీ మీ స్నేహితులు గానీ స్ప్రింగ్ మార్చి బలం పెంచి ఉంటే ఆ సంగతి మీ వకీలుకు ముందే చెప్పండి. ల్యాబ్ నివేదిక వచ్చాక చెబితే ఆయన చేయగలిగింది తక్కువ.

హద్దు దగ్గరికి వద్దాం, ఎందుకంటే మిగతావన్నీ దాని వెంటే నడుస్తాయి. గట్టు హద్దుకు బయట ఉంటే సెక్షన్ 31 మీకు వర్తించదు. అప్పుడు మిగిలేది పక్షిని వేటాడారన్న ఆరోపణ ఒక్కటే. ఆ పక్షి చట్టంలోని మొదటి షెడ్యూలు, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలోది కాకపోతే దానికి శిక్ష గరిష్ఠంగా మూడేళ్లు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మూడేళ్లకు మించని నేరం గనుక భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 514 ప్రకారం మూడేళ్ల కాలపరిమితిలోపే కోర్టు దాన్ని విచారణకు తీసుకోవాలి. గట్టు లోపల ఉండి, అక్కడ వేట జరిగిందని రుజువైతే లెక్క పూర్తిగా మారిపోతుంది. పక్షి ఏ షెడ్యూలులోదైనా, అభయారణ్యంలో వేటకు కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. ఆ నేరానికి కాలపరిమితి ఉండదు, ఎప్పుడైనా కేసు వేయవచ్చు. రాజీ కూడా కుదరదు.

రాజీ కుదరదన్న ఈ చివరి మాట మీకు సలహా ఇచ్చిన ఆ తెలిసినాయన విని తీరాలి. కనీస శిక్ష ఉన్న నేరాన్ని డబ్బు కట్టి మాఫీ చేసే అధికారం సెక్షన్ 54 ఎవరికీ ఇవ్వలేదు. హద్దు తేలకుండా "పొరపాటున కొట్టాను" అని మీ చేతులతో రాసిచ్చారంటే, రాజీ కుదరకపోయినా ఆ కాగితం మాత్రం ఫైల్లో ఉండిపోతుంది. పోలీసు దగ్గర ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు కదా అనుకోవద్దు. అటవీ అధికారి పోలీసు కాడు. అసిస్టెంట్ కన్సర్వేటర్ స్థాయికి తగ్గని అధికారి మీ ఎదుట నమోదు చేసిన సాక్ష్యం విచారణలో పనికొస్తుందని సెక్షన్ 50లోనే రాసి ఉంది. రైఫిల్ వారం ముందు ఇంటికి రావడం కోసం మీరు ఏడేళ్ల కేసుకు సాక్ష్యం రాసిస్తారా? ఆ పని చేయకండి. ఎవరు చెప్పినా, ఎంత మంచిగా చెప్పినా చేయకండి.

వీడియో సంగతీ అంతే గట్టిగా చెబుతున్నాను. దాన్ని తీసేయొద్దు, తీసేయమని ఎవరికీ చెప్పొద్దు. నేరం నుంచి ఎవరినైనా తప్పించాలని సాక్ష్యాన్ని మాయం చేయడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 238 కింద వేరే నేరం. మీ ఫోన్లో పోయినా గ్రూపులో మిగతా వాళ్ల ఫోన్లలో ఉంటుంది. అందులో ఏముందో మీరు రాయలేదు. పక్షి వైపు గురిపెట్టి నవ్వుకుంటున్నారనే నా అనుమానం. చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, చంపడానికి చేసే ప్రతి ప్రయత్నమూ వేటే. ఉన్నదున్నట్టు మీ వకీలుకు చూపించండి. నిజంగా కాల్చి ఉంటే ఆ ముక్క కూడా ఆయనకు చెప్పండి. నీటికాకులు చేపపిల్లల్ని తినేస్తున్నాయన్న బాధ మీ వైపు చెరువులు చేసే ప్రతి రైతుకూ ఉంది, నాకు తెలుసు. కానీ నష్టం చేసే జంతువుల పాత జాబితా 2022 సవరణతో చట్టంలో లేకుండా పోయింది. ఆస్తికి ప్రమాదంగా మారిన జంతువు విషయంలో కూడా కారణాలు చూపుతూ అధికారి ఇచ్చిన రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. అది లేకుండా ఒక్క పక్షి మీదికీ గురి పెట్టే హక్కు మీకు లేదు.

తెల్ల కాగితాల మీద సంతకాలు ఎలా పెట్టారండీ? చెరువు లీజు కాగితం మీద, మేత కొట్టు అప్పు చీటీ మీద ప్రతి అంకె చూసుకుని సంతకం పెట్టే మనిషే కదా మీరు. యూనిఫాం కనిపించగానే ఆ జాగ్రత్త వదిలేశారు. 23 రోజులుగా దాని మీద ఒక్క ఉత్తరం రాయకుండా ఊళ్లో పరువు గురించి ఆలోచిస్తూ కూర్చున్నారు. ఆలస్యమైన కొద్దీ ఆ సంతకాల గురించి మీరు చెప్పే మాటకు బలం తగ్గుతుంది. రేపే డివిజనల్ ఫారెస్టు ఆఫీసరుకు, నకలు రేంజి ఆఫీసుకు, మీ వకీలు చేత రాయించి పంపండి: ఫలానా తేదీన ఫలానా చోట రాయని కాగితాల మీద సంతకాలు తీసుకున్నారు, వాటి మీద ఏ వాంగ్మూలం రాసినా అది నాది కాదు. చేతికిచ్చి రసీదు తీసుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. ఉత్తరంలో పక్షి గురించి, పక్క ఆయన గురించి ఒక్క మాట ఉండకూడదు.

తర్వాత పంచనామా నకలు సంపాదించండి. అందులో స్థలం ఎలా రాశారన్నదే నేనైతే మొదట చూస్తాను. సర్వే నంబరు ఉందా, జీపీఎస్ కొలతలు ఉన్నాయా, లేక "ఆకివీడు శివారు చెరువు" అని వదిలేశారా? చోటు అభయారణ్యంలో ఉందని రుజువు చేయాల్సిన భారం వాళ్లదే. ఇక్కడ మీకొక హెచ్చరిక. ఆవేశంలో తహసీల్దారు ఆఫీసుకెళ్లి ఉమ్మడి సర్వే చేయమని దరఖాస్తు పెట్టకండి. కాంటూరు లోపల చేపల చెరువులకే అనుమతి లేదు. 2006లో అక్కడి చెరువుల గట్లు కొట్టేయడం మీ కళ్లముందే జరిగింది. సర్వేలో మీ చెరువు లోపలికొస్తే రైఫిల్‌తో పాటు చెరువు కూడా కేసులోకి వస్తుంది. ముందు ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) నకలు, అడంగల్ (సాగు రికార్డు), 1బి (యాజమాన్య రికార్డు) తీసుకుని, లైసెన్సున్న ప్రైవేటు సర్వేయరు చేత గట్టు మీద మీరు నిలబడే చోటును కొలిపించండి. బయటే ఉందని తేలితే అప్పుడు అధికారిక సర్వే అడగండి. లోపల ఉంటే మీరేమీ అడగొద్దు, రుజువు చేసుకునే పని వాళ్లకే వదిలేయండి.

చచ్చిన పక్షి మీద కూడా వాళ్ల రుజువు ఎంతుందో చూడాలి. పశువైద్యుడి పోస్టుమార్టం జరిగిందా? దేహంలో పెల్లెట్ దొరికిందా? దొరికితే దాన్ని, మీ రైఫిల్‌ను ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపారా? రైఫిల్ గొట్టం లోపలి గాడులు మెత్తటి సీసం మీద గుర్తులు వేస్తాయి, పెల్లెట్ మరీ నలిగిపోకపోతే పోల్చవచ్చు. ఇవేవీ లేకపోతే చెరువు మీద కట్టిన వలకు చిక్కి చచ్చిందో, మందు తిని చచ్చిందో ఎవరు చెప్పగలరు? అది పక్కవాళ్ల చెరువులో దొరకడం మీకు మేలే. మాంసమో ఈకలో మీ కాపలా పాకలో దొరికి ఉంటే, తప్పు కాదని రుజువు చేసుకునే భారం సెక్షన్ 57 మీ మీదికి తోసేది.

మీ వైపు సాక్ష్యం మీరనుకున్న దానికంటే ఎక్కువే ఉంది. పాత టార్గెట్ కాగితాలు పారేయలేదు కదా? పోటీ పెల్లెట్లకు తల చదునుగా ఉంటుంది, కాగితాన్ని గుండ్రంగా కోసినట్టు కొడుతుంది. వేటకు వాడేవాటికి తల మొనదేలి గానీ గుండ్రంగా గానీ ఉంటుంది. పట్టుకెళ్లిన రెండు డబ్బాల్లో ఏ రకం ఉందో పంచనామాలో రాయించుకోవాల్సింది. ఇప్పుడైనా ఆ డబ్బాల బిల్లులు, రైఫిల్ బిల్లు, ఎక్కడైనా క్లబ్బులో కట్టిన రుసుము రసీదు, పోటీ సర్టిఫికెట్టు ఏది ఉన్నా పోగేయండి. ఆదివారం వచ్చే స్నేహితుల్లో ఇద్దరు కోర్టుకొచ్చి మాట్లాడగలిగితే వాళ్ల పేర్లు వకీలుకివ్వండి.

రైఫిల్ తిరిగి రావడం గురించి. స్వాధీనం చేసుకున్న వస్తువును వెంటనే మేజిస్ట్రేట్ ముందుంచాలని సెక్షన్ 50 చెబుతోంది. 23 రోజులు అది రేంజి ఆఫీసు బీరువాలోనే ఉంటే ఆ జాప్యాన్ని మీ వకీలు పిటిషనులో రాయాలి. నేరానికి వాడిన వస్తువు ప్రభుత్వ ఆస్తి అవుతుందని సెక్షన్ 39 అంటుంది గానీ, పట్టుకున్నంత మాత్రాన అయిపోదని, విచారణ తేలేవరకు మేజిస్ట్రేట్ తాత్కాలికంగా విడుదల చేయవచ్చని సుప్రీంకోర్టు 2008లో మధుకర్ రావు కేసులో చెప్పింది. అది వాహనం విషయం. ఆయుధం దగ్గర కోర్టులు మరింత జంకుతాయి, అందుకే ల్యాబ్ పరీక్ష అయ్యాక అడిగితే ఫలితం ఉంటుంది. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. వన్యప్రాణి చట్టం కింద కోర్టు కేసును తీసుకోవాలంటే అధికారం ఉన్న అధికారి గానీ, 60 రోజుల ముందు నోటీసు ఇచ్చిన వ్యక్తి గానీ స్వయంగా ఫిర్యాదు దాఖలు చేయాలి. పోలీసు చార్జిషీటు ఒక్కదానితో అది నడవదు. కాబట్టి పోలీసు స్టేషన్‌లో ఎవరినో పట్టుకుంటే పని అయిపోతుందన్న మాటలు నమ్మకండి.

పరువు నష్టం కేసు ఇప్పుడు వద్దు. అధికారం ఉన్నవారికి మంచి ఉద్దేశంతో చేసిన ఫిర్యాదు పరువు నష్టం కాదని చట్టంలోనే మినహాయింపు ఉంది. మీ కేసు తేలకుండా ఆయన ఉద్దేశం చెడ్డదని నిరూపించలేరు. ఆయన గ్రామ గ్రూపుల్లో పెట్టిన రాతలేమైనా ఉంటే తేదీ కనిపించేలా భద్రపరచండి. పరిహారం దావాకు ప్రచురించిన రోజు నుంచి ఏడాదే గడువు, ఆ తేదీని వకీలు డైరీలో రాయించండి.

మీ స్నేహితులకు కూడా ఈ జవాబు చూపించండి. ఈ ఆట నేర్పే ఓపిక, శ్రద్ధ నాకు గౌరవమున్నవే, అందుకే చెబుతున్నాను. చెరువు గట్టు రేంజి కాదు. నీటి మీద తగిలిన పెల్లెట్ ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు, మీ గట్ల మీద మేత చల్లే కూలీలు, బడి పిల్లలు నడుస్తుంటారు. వెనక గట్టి అడ్డు, నాలుగు గోడలు ఉన్న చోట పది మీటర్లు కొలుచుకుని కాల్చండి. హద్దు తేలేవరకు ఆ గట్టు మీదికి ఇంకో రైఫిల్ రానివ్వకండి. ఒకే చోట రెండో పంచనామా పడితే మొదటి దాని గురించి మేజిస్ట్రేట్‌కు చెప్పడానికి నా దగ్గరా, మీ వకీలు దగ్గరా ఏమీ మిగలదు.