సహజీవనమా, అన్యోన్యాశ్రయమా?

సందేహం: హైస్కూల్ పిల్లల కోసం జీవశాస్త్రం నోట్సు రాస్తున్నాను. ‘క్లోరెల్లా శైవలాలు పారమీషియంలో కలిసి సహజీవనం చేస్తాయి’ అని రాస్తే, తోటి టీచర్ ఒకరు అభ్యంతరం చెప్పారు. సహజీవనం అంటే ఇప్పుడు పెళ్లి కాకుండా కలిసి ఉండటమనే అర్థం వస్తుంది, పిల్లలు నవ్వుతారు, అన్యోన్యాశ్రయం అని మార్చండి అంటున్నారు. ఏది సరైనది? లోపల చోటిచ్చే జీవిని (హోస్ట్) అతిథేయి అనాలా, ఆతిథేయి అనాలా?

సమాధానం: సహజీవనమే ఉంచండి. పత్రికల్లో వేరే అర్థంలో నలిగినంత మాత్రాన ఆ మాటను శాస్త్రం వదులుకోనక్కర్లేదు. పారమీషియం పక్కన కనిపిస్తే ఏ అర్థంలో వాడారో పిల్లలకు ఇట్టే తెలుస్తుంది. నా అభ్యంతరమల్లా అన్యోన్యాశ్రయం మీదే. ఒకటి లేకపోతే రెండోది నిలవదని ఆ మాట చెబుతుంది. ఈ జీవుల సంగతి అలా లేదు.

పారమీషియం బర్సేరియా మంచినీళ్లలో ఉండే ఏకకణ జీవి. ఏకకణ ఆకుపచ్చ నాచు అయిన క్లోరెల్లాను అది మొదట మింగేది ఆహారంగానే. కొన్ని కణాలు అరిగిపోతాయి. అరగకుండా తప్పించుకున్నవి, ఒక్కోటీ ఒక్కో పల్చటి పొర సంచిలో, పారమీషియం పైపొర కిందికి చేరి అక్కడే విభజన చెందుతూ పెరుగుతాయి. ఒక్క పారమీషియంలోనే అవి కొన్ని వందలుంటాయి. వెలుతురులో అవి తయారుచేసే చక్కెరలు, ముఖ్యంగా మాల్టోజ్, ఆక్సిజన్‌తో పాటు పారమీషియానికి అందుతాయి. బదులుగా వాటికి కార్బన్ డయాక్సైడ్, నత్రజని ఉన్న పదార్థాలు దొరుకుతాయి. ఈ క్లోరెల్లాను చంపే వైరస్‌లు బయట నీళ్లలో ఉన్నాయి. లోపలున్నంత కాలం వాటి బెడద ఉండదు.

ఇంతవరకూ చూస్తే మీ తోటి టీచర్ మాటే నిజమనిపిస్తుంది. కానీ చాలా రోజులు చీకట్లో ఉంచితే పారమీషియం తనలోని క్లోరెల్లాను అరిగించుకోగలదు. తర్వాత బ్యాక్టీరియాను తింటూ బతికేస్తుంది. మళ్లీ క్లోరెల్లా దొరికితే మళ్లీ చేర్చుకుంటుంది. ఇందులో ఎవరి లాభం ఎంత అని శాస్త్రజ్ఞులే వాదించుకుంటుంటే, మనం మాటలోనే తీర్పు చెప్పేయడం న్యాయం కాదు.

జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బారీ 1878లో సింబయాసిస్‌ను, అంటే మనం సహజీవనం అంటున్న దాన్ని, వివరించినప్పుడు, వేర్వేరు జీవులు కలిసి బతకడం అనే చెప్పాడు. లాభం ఉండి తీరాలనలేదు, పరాన్నజీవనాన్ని కూడా అందులోనే చేర్చాడు. సహజీవనం అన్న మాట సరిగ్గా అంతే చెబుతుంది. ఇద్దరికీ మేలని ప్రత్యేకంగా చెప్పాల్సిన చోట ‘పరస్పర లాభదాయక సహజీవనం’ అనండి. పొడవే, కానీ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఇక మీ వాక్యం. ‘సహ’లోనే ‘కలిసి’ ఉంది కాబట్టి రెండూ రాస్తే పునరుక్తి. సహజీవనం ఒకరితో చేసేది గనక ‘తో’ కావాలి. అన్ని పారమీషియం జాతులకూ ఈ తీరు లేదు, అందుకని బర్సేరియా పేరు కూడా రాయండి.

ఆతిథేయి అనడమే సరైనది. అతిథికి ‘ఏయ’ ప్రత్యయం చేరితే మొదటి అచ్చుకు వృద్ధి వస్తుంది, అంటే ‘అ’ ‘ఆ’గా, ‘ఉ’ ‘ఔ’గా మారుతుంది. కుంతి కొడుకు కౌంతేయుడు, గంగ కొడుకు గాంగేయుడు అయింది అలాగే. అతిథేయి అన్న రూపం పాఠాల్లో కనిపిస్తున్నా వ్యాకరణం ఒప్పదు. ‘ధ’ వత్తుతో అతిధి అని రాయడం మరీ తప్పు.

వాక్యాన్ని ఇలా మార్చుకోవచ్చు: ‘క్లోరెల్లా శైవలాలు తమ ఆతిథేయి అయిన పారమీషియం బర్సేరియా లోపల ఉంటూ దానితో సహజీవనం చేస్తాయి.’