నిద్ర చాలని రోజున ఏ పని ఎప్పుడు?

రాత్రి రెండింటికి ఒడిశాలోని రాయగడలో రైలు దిగి, తొమ్మిదికి దుకాణం తెరవాలి. ఉన్న మెలకువను ఎలా వాడుకోవాలని ఒక దుకాణదారు అడిగారు. లేచిన అరగంట దాకా మత్తు వదలదు, ఆ తరువాతే బాకీల పుస్తకం తెరవండి. బేరం ఒడియాలో, లెక్క తెలుగులో చేసేవారికి ఇది మరీ అవసరం! మధ్యాహ్నం రెండు, నాలుగు మధ్య శరీర గడియారమే మందగిస్తుంది. పాపం, ఆ మగతకు పఖాళాన్ని (ఒడియావారి చద్దన్నాన్ని) ఊరికే తిట్టుకుంటాం. అప్పుడు సరుకు సర్దుకోండి. టీ తాగి వెంటనే 20 నిమిషాలు కునుకు తీస్తే ఇంకా మేలు: టీలో నిద్రను ఆపే కెఫీన్ పనిచేయడం మొదలయ్యేసరికి లేస్తారు. ఆ కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది కాబట్టి సాయంత్రం టీ మానండి. కొండదారిలో మోటారు సైకిల్ మాత్రం ఆ రోజు వేరేవాళ్లకివ్వండి.