వారం రోజుల్లో స్పెయిన్ తిండి, వైన్ రుచి చూడాలంటే ఎటు వెళ్లాలి?
వారమే ఉంటే దేశమంతా తిరగొద్దు. ఉత్తరాన బాస్క్ ప్రాంతం, దాన్ని ఆనుకుని ఉన్న వైన్ ప్రాంతం రియోహా చాలు. బిల్బావోలో దిగి, ముందు సాన్ సెబాస్టియన్‌లో మూడు రాత్రులు ఉండండి. అక్కడ పించోలు ప్రసిద్ధి: ఎక్కువగా రొట్టె ముక్క మీద చేపో, మాంసమో పెట్టి ఇస్తారు. పాత పట్టణంలో ఒక్కో బార్‌లో ఒకటో రెండో తిని పక్కదానికి నడవడమే పద్ధతి. ఒకేచోట కడుపు నింపుకుంటే ఆ సరదా పోతుంది. రాత్రి భోజనం తొమ్మిది తర్వాతే.

తర్వాత రియోహాలో ఆరో (Haro) అనే చిన్న ఊరు. రైల్వే స్టేషన్ చుట్టూనే పాత వైనరీలున్నాయి, నడిచే చూడొచ్చు. కారు టెన్షన్ లేకుండా రుచి చూడొచ్చు కాబట్టి నాకు ఇదే నచ్చుతుంది. ముందే బుక్ చేసుకోండి. సీసా మీద క్రియాన్సా అని ఉంటే ఆ రెడ్ వైన్ కనీసం 2 ఏళ్లు, రెసెర్వా అయితే 3 ఏళ్లు మాగినట్టు.