పక్క చూపు పరీక్ష: వేళ్లు ఆడించొద్దు

ప్రశ్న: మండల కేంద్రంలోని కంటి పరీక్షా కేంద్రంలో టెక్నీషియన్‌ని. వేళ్లు ఆడించి పేషెంట్ల పక్క చూపు (నేరుగా చూస్తుండగా పక్కల కనిపించేది) పరీక్షిస్తాను. బాగుందని రాసి పంపిన ఇద్దరికి పెద్దాసుపత్రిలో పక్క చూపు కొలిచే మిషన్ మీద లోపం బయటపడింది. తప్పెక్కడ జరుగుతోంది?

జవాబు: ఆడించడంలోనే ఒక తప్పుంది. మెదడు దెబ్బతిని ఒకవైపు చూపు పోయినా, కొందరికి అటువైపు కదలిక తెలుస్తుంది. అందుకే వేళ్లు కదపకుండా చూపించి ఎన్నో చెప్పమనండి.

పేషెంటుకి ఎదురుగా మీటరు దూరంలో, ఇద్దరి కళ్లూ ఒకే ఎత్తులో ఉండేలా కూర్చోండి. మీ వెనక కిటికీ ఉండకూడదు. కుడికన్ను పరీక్షించేటప్పుడు ఎడమకన్ను అరచేత్తో మూయించండి. వేళ్లతో మూస్తే సందుల్లోంచి చూసేస్తారు. మీరు కుడికన్ను మూసుకోండి. పేషెంటు మీ ఎడమకంటినే చూస్తుండాలి. చెయ్యి ఇద్దరికీ సరిగ్గా మధ్యలో పెట్టండి. మీ వైపు జరిగిందంటే, మీకు అంచున ఉన్న వేలు పేషెంటుకి నడిమికి వచ్చేస్తుంది. చాలామంది దగ్గర పరీక్ష చెడేది ఇక్కడే.

నాలుగు మూలల్లోనూ ఒకటి, రెండు, ఐదు వేళ్లే చూపండి. మూడు, నాలుగు దగ్గర చూపు బాగున్నవాళ్లూ తడబడతారు. క్షణం చూపి దించేయండి. కన్ను అటు తిరిగితే ఆ జవాబు లెక్కలోకి రాదు, మళ్లీ చూపించండి. పై రెప్ప వాలిపోయి ఉంటే పైభాగం కనపడనట్టు వస్తుంది. రెప్పని ఎత్తి పట్టుకుని మళ్లీ చేయండి.

తర్వాత రెండు ఎర్రటి సీసా మూతలు తీసుకుని, పేషెంటు చూపుకి నట్టనడుమ నిలువుగా ఒక గీత ఉందనుకుని, దానికి చెరోవైపు పట్టుకోండి. 'ఏది ఎక్కువ ఎర్రగా ఉంది?' అని అడగండి. రెండు కళ్లలోనూ చెవి వైపు మూత వెలిసినట్టు కనిపిస్తే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దగ్గర గడ్డ ఉందేమో చూడాలి, ఆలస్యం చేయకుండా పంపండి. వేళ్లు సరిగ్గా లెక్కపెట్టినవాళ్లలోనూ ఇది బయటపడొచ్చు.

ఇంత జాగ్రత్తగా చేసినా తొలిదశ గ్లాకోమా (కంటి నరం మెల్లగా దెబ్బతినే జబ్బు) చేతికి చిక్కదు. మిషన్‌లో మామూలుగా వాడే 24-2 పరీక్ష 54 చోట్ల, మసకగా ఉన్న చుక్కల్ని సైతం చూపి వెతుకుతుంది. మన వేళ్లు అంత సన్నటి లోపాన్ని పట్టలేవు. కంటి ప్రెషర్ ఎక్కువున్నా, కంటి లోపల నరం మొదట్లో ఉండే గుంట పెద్దదిగా ఉన్నా, ఇంట్లో ఎవరికైనా గ్లాకోమా ఉన్నా, వేళ్ల పరీక్ష ఎంత బాగున్నా మిషన్‌కి పంపాల్సిందే. కార్డులో 'నార్మల్' అని కాకుండా 'వేళ్ల లెక్కకు సరిగా ఉంది' అని రాయండి.