పడకలు పెంచితే సరిపోతుందా?

ప్రశ్న: డాక్టరు గారూ, ఊపిరాడక అవస్థపడుతున్న మా నాన్నగారిని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్తే, వార్డులో మంచం ఖాళీ లేదని రాత్రంతా క్యాజువాలిటీలో స్ట్రెచర్ మీదే ఉంచారు. మర్నాడు పైకి మార్చాక చూద్దును కదా, అక్కడ నలుగురైదుగురు పెద్దవాళ్లు బట్టలు మార్చుకుని, సంచి సర్దుకుని మంచాల మీద కూర్చున్నారు! వాళ్లకు మంచం దేనికి? ప్రభుత్వం ఇంకో వెయ్యి పడకలు వేస్తే ఈ బాధ తీరిపోదా?
– ఒక పాఠకుడు

జవాబు: సమీక్షా సమావేశాల్లో ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్లు పట్టించుకోనిది మీకు ఒక్క పూటలో కనిపించింది. మీ నాన్నగారు కింద ఆగిపోయింది ఆ సంచి సర్దుకున్నవాళ్ల వల్లే. పాపం, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

రౌండ్స్ పదింటికి మొదలవుతాయి. పెద్ద డాక్టరు ‘ఈయన్ని పంపించేయొచ్చు’ అనేసి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోతారు. డిశ్చార్జి సమ్మరీ రాయాల్సిన కుర్ర డాక్టరేమో పన్నెండున్నర దాకా ఆయన వెనకాలే తిరుగుతుంటాడు. ఆ కాగితం చేతికి రానిదే ఫార్మసీలో మందులివ్వరు. మందులొచ్చేసరికి మూడవుతుంది. అప్పుడు కొడుక్కి ఫోన్ చేస్తే డ్యూటీ దిగి వస్తానంటాడు. మంచం తుడిచి, దుప్పటి మార్చి, కిందున్న రోగిని పైకి తెచ్చేసరికి రాత్రి ఎనిమిది. పొద్దున పదింటికే ఖాళీ కావలసిన మంచం ఇది. నా వార్డులో నేను వరస మార్చాను: ముందు ప్రాణం మీదికొచ్చినవాళ్లు, ఆ వెంటనే ఇంటికెళ్లేవాళ్లు, మిగతావాళ్లు తర్వాత. సమ్మరీ ముందు రోజు సాయంత్రమే సగం రాసి ఉంచాలి. దీనికి పైసా ఖర్చు కాలేదు గానీ, గొణుగుడు మాత్రం చాలానే వినాల్సి వచ్చింది.

ఇక చిన్న లెక్క. 30 మంచాల వార్డులో ఒక్కొక్కరు సగటున 6 రోజులుంటే రోజుకు ఐదుగురిని చేర్చుకోగలం. అదే 5 రోజులైతే ఆరుగురిని. అంటే ఒక్క ఇటుక పేర్చకుండా ఆరు మంచాలు అదనంగా వేసినట్టే. అలాగని జ్వరం తగ్గకుండానే ఇంటికి తోలేస్తే వారం తిరక్కుండా క్యాజువాలిటీలో తేలతారు. నేను చెప్పేది వైద్యం జరిగే రోజుల గురించి కాదు, ఏమీ జరగకుండా గడిచిపోయే రోజుల గురించి.

ఇంకో రకం ఆలస్యం ఆసుపత్రి చేతుల్లో ఉండదు. పక్షవాతం వచ్చి తేరుకున్న పెద్దావిడకు వైద్యం అయిపోయింది. కానీ ఇంట్లో ఆవిణ్ని లేపి కూర్చోబెట్టేవాళ్లు లేరు. ఎక్కడికి పంపుతాం? అందరికీ ఉచిత వైద్యమని 1948లో మొదలుపెట్టిన బ్రిటన్‌కూ ఈ చిక్కు తప్పలేదు. ఈ మధ్య చలికాలాల్లో ఒక్క ఇంగ్లండులోనే ఏ రోజు చూసినా, ఇంటికి పంపడానికి సిద్ధంగా ఉండి కూడా కదలలేని రోగులు 12 వేలకు పైగా ఉంటున్నారు. అక్కడ ఆసుపత్రి ఖాతా వేరు, ముసలివాళ్ల సంరక్షణ ఖాతా వేరు. రెండోదాంట్లో కోత పెడితే ఆ భారం మొదటిదాని మీద పడుతుంది. స్వీడన్‌లో 1992లో ఈ ముడి విప్పారు. వైద్యం పూర్తయ్యాక కూడా రోగి వార్డులోనే ఉండిపోతే ఆ ఖర్చు స్థానిక మున్సిపాలిటీయే భరించాలన్నారు. బిల్లు తమ మీదికి వచ్చేసరికి మున్సిపాలిటీలు ఇంటి దగ్గర సహాయకులను, సంరక్షణ గృహాలను చకచకా ఏర్పాటు చేశాయి. అలా ఇరుక్కుపోయిన రోగుల సంఖ్య బాగా తగ్గింది.

పడకలు అక్కర్లేదని అనను. ఎప్పుడూ నిండుగా ఉండే ఆసుపత్రి నా దృష్టిలో సమర్థంగా నడిచేది కాదు. అక్కడ ఒక్క బస్సు ప్రమాదం జరిగితే చాలు, అంతా తలకిందులవుతుంది. వార్డులు 85 శాతం దాటి నిండుతుంటే చిక్కులు మొదలయ్యాయనే అనుభవజ్ఞులు లెక్క వేస్తారు. అయితే నర్సు లేని మంచం వట్టి ఇనుప సామాను. వెయ్యి మంచాలు వేస్తామని ఎవరైనా ప్రకటిస్తే, నర్సుల పోస్టులెన్ని అని అడగండి.

ప్రశ్న: ఉచితం కాబట్టే తలనొప్పికీ తుమ్ముకీ పరుగెత్తుకొస్తున్నారు. చిన్న రుసుము పెడితే ఓపీలో రద్దీ తగ్గదా?
– విశ్రాంత ఉద్యోగి

జవాబు: తగ్గుతుంది. ఎవరు తగ్గుతారన్నదే ప్రశ్న. అమెరికాలో 1970లలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ రెండు వేలకు పైగా కుటుంబాల మీద దీన్ని పరీక్షించింది. లాటరీ వేసి కొందరికి ఉచితంగా, కొందరికి కొంత చెల్లించే పద్ధతిలో వైద్యం అందించింది. చెల్లించేవాళ్లు ఆసుపత్రికి రావడం తగ్గించారు, నిజమే. కానీ అనవసరమైన వైద్యంతో పాటు అవసరమైనదీ దాదాపు అంతే మానేశారు. పేదల్లో రక్తపోటు ఉన్నవాళ్లకు ఉచిత వైద్యంలోనే అది బాగా అదుపులో ఉంది. ఏ నొప్పి గుండెదో, ఏది గ్యాసుదో మనిషికి ముందే తెలిస్తే నాలాంటివాళ్లకు పనేముంటుంది?

బ్రిటన్‌లో 1948 నాటి ఆ ఉచిత వైద్య సేవను నెలకొల్పిన మంత్రి బెవాన్, కళ్లద్దాలకూ కట్టుడు పళ్లకూ రుసుము పెట్టాలని సొంత ప్రభుత్వమే తలపెట్టినప్పుడు 1951లో రాజీనామా చేశాడు. అయినా రుసుము ఆగలేదు లెండి. ఖజానా చూసేవాళ్లకు ఈ ఆలోచన ఎప్పుడూ తీపే.

ప్రశ్న: హౌస్ సర్జన్సీ చేస్తున్నాను, మేడమ్. బాండ్ రాయించుకుని పల్లెకు పంపితే డాక్టర్లు అక్కడ నిలుస్తారా?
– ఒక వైద్య విద్యార్థిని

జవాబు: బాండ్ ఒక్కటే అయితే గడువు తీరేదాకా నిలుస్తారమ్మా, క్యాలెండర్లో తేదీలు కొట్టేసుకుంటూ. జపాన్‌లో 1972లో పెట్టిన జిచి వైద్య విశ్వవిద్యాలయం చూడు. ప్రతి ప్రిఫెక్చర్ నుంచీ (మన రాష్ట్రం లాంటిది) పిల్లలను తీసుకుంటారు. సుమారు తొమ్మిదేళ్లు సొంత ప్రిఫెక్చర్‌లో పనిచేస్తే ఫీజు తిరిగి కట్టక్కర్లేదు. చాలామంది ఆ గడువు పూర్తి చేస్తారు. అక్కడ షరతుతో పాటు, పల్లె వైద్యానికి మొదటినుంచీ తయారు చేసే చదువూ ఉంది.

వైద్యం ఎక్కువ అవసరమైన చోటే తక్కువ దొరుకుతుందని 1971లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసిన జూలియన్ ట్యూడర్ హార్ట్, వేల్స్‌లో ఒక గని కార్మికుల ఊరి డాక్టరు. పాతికేళ్లకు పైగా అక్కడే ఉన్నాడు. జబ్బని రానివాళ్లను కూడా పిలిచి రక్తపోటు కొలిచాడు. పల్లెలో పనంటే అంత పెద్ద పని.

పోస్టింగు వచ్చినప్పుడు జీతం ఎటూ అడుగుతావు. నువ్వు సెలవు పెడితే నీ బదులు ఎవరొస్తారు, అర్ధరాత్రి కేసు చెయ్యి దాటుతుంటే ఏ సీనియర్ ఫోన్ ఎత్తుతారు, ఈ రెండూ కూడా అడుగు. పేర్లతో సహా జవాబు వస్తే నిశ్చింతగా చేరు.