కొత్త పొయ్యికి తొలి మంట ఎప్పుడు?

ప్రశ్న: పిండివంటలు చేసి అమ్ముదామని పెరట్లో పెద్ద కట్టెల పొయ్యి కట్టించాం. లోపల ఫైర్ బ్రిక్స్, మధ్యలో ఇనప ఊచలు. పని అయ్యి నాలుగు రోజులైంది. శుక్రవారం మంచిరోజు, ఆ రోజే వెలిగించి ఓ వాయి అరిసెలు తీయాలంటున్నారు మా అత్తగారు. మా తోడికోడలు వాళ్ళ పొయ్యి మొదటి రోజే ఢామ్మని పగిలింది, అందుకే నాకు టెన్షన్. పొగగొట్టానికి ఇంట్లో పాత సిమెంటు రేకు గొట్టం ఉంది, పెట్టేయొచ్చా? – ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: శుక్రవారం ముహూర్తం మానక్కర్లేదండి. రెండు ఎండు కొబ్బరాకులు వెలిగించి చిన్న గిన్నెలో పాలు పొంగించండి, అంతే, ఆ రోజుకి మంట ఆర్పేయండి. అత్తగారి మాటా దక్కుతుంది, పొయ్యికి కావలసింది కూడా అదే. అరిసెలు మాత్రం గ్యాసు మీద వండుకోండి.

ఎందుకంటే ఆ గోడ ఇంకా పచ్చిది. మట్టిలో, ఇటుకలో ఉన్న నీరు 100 డిగ్రీలు దాటగానే ఆవిరవుతుంది, ఆవిరికి నీటికన్నా 1600 రెట్లకు పైగా చోటు కావాలి, మెల్లగా వేడెక్కితే సందుల్లోంచి జారుకుంటుంది గానీ ఒక్కసారిగా సరుగుడు కట్టెలు దట్టించారంటే ఇటుకని చీల్చుకునే బయటికొస్తుంది. పైగా మన కోనసీమలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళు, కింది చెమ్మ కూడా గోడలోకి పాకుతుంది. మేస్త్రీలు ఈ సంగతి చెప్పరు, డబ్బులు లెక్కపెట్టుకుని సైకిలెక్కేస్తారు.

పాలు పొంగించాక రెండు వారాలు వాన పడకుండా పైన కప్పి, గాలికి వదిలేయండి. తర్వాత మొదటి రోజు అరగంట, ఆకులూ పుల్లలూ మాత్రమే. మర్నాడు గంట. అలా వారం పాటు రోజురోజుకీ పెంచుకుంటూ పోండి. బయట గోడ మీద చెయ్యి ఆనించలేనంత వేడెక్కితే తొందరపడ్డట్టే. కొబ్బరి చిప్పలు ఈ వారంలో ముట్టుకోవద్దు, వాటి వేడి మామూలుది కాదు. మంట ఆర్పడానికి నీళ్ళు అసలు చల్లకండి. గోడ గోరువెచ్చగా ఉండగా చల్లటి స్టీలు పళ్ళెం ఆనించి చూడండి, చెమట పట్టిందంటే ఇంకా ఆరలేదు. వెంట్రుకంత బీటలు వస్తాయి, మట్టి మెత్తితే సరిపోతుంది.

ఊచలు ఎలా బిగించారో కూడా ఒకసారి చూడండి. రెండు కొసలూ ఇటుకలోకి గట్టిగా దిగేసి ఉంటే, ఎర్రగా కాలినప్పుడు సాగే చోటు లేక గోడని తోస్తాయి. మీ తోడికోడలి పొయ్యి పగలడానికి ఇదీ ఒక కారణం అయ్యుండొచ్చు. ఒక కొసన పావు అంగుళం ఖాళీ వదలమనండి. బయట సిమెంటు ప్లాస్టరింగ్ చేయిస్తానంటే ఇప్పుడే ఒప్పుకోకండి, లోపలి చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది.

ఇక ఆ పాత గొట్టం, వద్దే వద్దు. పాతవాటిలో చాలా వరకు ఆస్‌బెస్టాస్ ఉంటుంది, వేడికి పెంకులు పెంకులుగా పేలుతుంది, ఆ ధూళి ఊపిరితిత్తులకి చేటు. కోయించకండి, పగలగొట్టించకండి, ఉన్నచోటే ఉంచండి. పొగకి పూత లేని నల్ల ఇనప గొట్టం తెచ్చుకోండి, నెత్తిన జాలీ పెట్టించండి. పక్కన తాటాకు పాక ఉంటే నిప్పురవ్వ ఒక్కటి చాలు, మధ్యాహ్నం సముద్రపు గాలి ఎటు తోలుతుందో చూసుకుని మరీ గొట్టం నిలబెట్టించండి.